మొదటి ప్రపంచ యుద్ధంలో చైనా అప్పులు: ఇచ్చినవాళ్ళ కన్నా ఆపినవాళ్ళ కథ

మీ ప్రశ్నలు మూడని అర్థమైంది. 1914-18 యుద్ధకాలంలో పెకింగ్ (ఇప్పటి బీజింగ్) ప్రభుత్వానికి విదేశీ బ్యాంకులు ఇచ్చే అప్పుల మీద పెద్ద దేశాలన్నీ అంత దౌత్యం ఎందుకు నడిపాయి? 1913లో కన్సార్టియం నుంచి లేచిపోయిన అమెరికా 1918లో తానే కొత్త కన్సార్టియం పెడదామని ఎందుకు అంది? జపాన్ గట్టి హామీ లేకుండా 14.5 కోట్ల యెన్‌లు ఎలా ఇచ్చింది, ఆ బాకీ ఏమైంది?

నేను చరిత్ర పాఠం చెప్పే మనిషిని కాను. బ్యాంకులో పెద్ద అప్పుల విభాగంలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. అయిదారు బ్యాంకులు కలిసి ఒకే కంపెనీకి అప్పిచ్చే కన్సార్టియం మీటింగుల్లో కూర్చున్న ఎవరికైనా తెలిసే సంగతి ఒకటుంది. అక్కడ బలం డబ్బిచ్చే బ్యాంకుది కాదు, ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇవ్వనని మొండికేసే బ్యాంకుది. కంపెనీకి బయట అప్పు పుట్టకుండా ఆపగలిగినవాడే అసలు పెత్తందారు. చైనా అప్పుల చరిత్రను నేను ఈ కంటితోనే చదివాను. ఇలా చూస్తే మీ మూడు ప్రశ్నలూ ఒకటే.

యుద్ధానికి ముందు సంగతి కొంచెం చెప్పాలి. 1912లో కొత్తగా పుట్టిన చైనా రిపబ్లిక్ ఖజానా ఖాళీ. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, అమెరికా బ్యాంకుల కూటమిలో ఆ ఏడాదే రష్యా, జపాన్ కూడా చేరాయి. ఈ ఆరుగురి షరతులు భరించలేక చైనా లండన్‌లో బర్చ్ క్రిస్ప్ అనే బయటి సంస్థతో కోటి పౌండ్లకు ఒప్పందం చేసుకుంది. బ్రిటిష్ విదేశాంగ శాఖ ఒప్పుకోలేదు. సగం బాండ్లు మార్కెట్లోకి వచ్చాక ఆ అప్పును నిలిపేయించారు. మిగతా సగం రద్దు చేసుకున్నందుకు నష్టపరిహారంగా చైనాయే 1,50,000 పౌండ్లు కట్టుకుంది. కన్సార్టియం తీరు ఇది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

చివరికి 1913 ఏప్రిల్ 26 రాత్రి, పార్లమెంటు ఆమోదం లేకుండానే, అధ్యక్షుడు యువాన్ షికాయ్ ప్రభుత్వం కన్సార్టియం ఇచ్చే రీఆర్గనైజేషన్ లోన్ (పరిపాలనను చక్కబెట్టుకునే అప్పు) మీద సంతకం చేసింది. ప్రతిపక్ష నాయకుడు సోంగ్ జియావోరెన్‌ను షాంఘై రైల్వే స్టేషన్లో కాల్చి అప్పటికి నెల దాటింది. అప్పు ముఖవిలువ 2.5 కోట్ల పౌండ్లు, వడ్డీ 5 శాతం. చైనా పద్దులో పడింది నూటికి 84 చొప్పున 2.1 కోట్లు. అందులో పాత అప్పుల బకాయిలు, పరిహారాల బకాయిలు అక్కడికక్కడే కోసుకున్నారు. పరిపాలనకు మిగిలింది ముఖవిలువలో సగం కూడా లేదు.

హామీ ఉప్పు పన్ను. ఈ భాగం ఏ బ్యాంకు ఆఫీసరైనా కూర్చుని చదవాల్సిందే. ఉప్పు పన్ను వసూళ్ళు చైనా ఖజానాకు పోవు, కన్సార్టియం బ్యాంకుల్లో జమ అవుతాయి. పైసా తీయాలన్నా చైనా అధికారి, విదేశీ అధికారి ఇద్దరి సంతకాలూ ఉండాలి. అప్పు కిస్తులు పోగా మిగిలితే, ఆ మిగులును పెకింగ్‌కు వదులుతారు. ఇప్పుడు మనం ఎస్క్రో ఖాతా అంటున్నది అచ్చంగా ఇదే. దాన్ని నడపడానికి వచ్చిన మొదటి విదేశీ అధికారి సర్ రిచర్డ్ డేన్. ఆయన అంతకుముందు మన దేశంలో ఎక్సైజు, ఉప్పు శాఖల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా చేసినవాడు. మన ఉప్పు కొఠార్ల అనుభవం తీసుకెళ్ళి చైనా ఉప్పు మీద పెట్టారన్నమాట. కస్టమ్స్ వసూళ్ళదీ అదే దారి. 1911 తర్వాత అవి కూడా విదేశీ బ్యాంకుల్లోనే జమ. మిగులు వదలాలంటే పెకింగ్‌లోని విదేశీ రాయబారులు సరేననాలి.

అమెరికా బయటికొచ్చింది ఈ షరతుల వల్లే. 1913 మార్చి 18న అధ్యక్షుడు విల్సన్, ఈ అప్పు షరతులు చైనా పరిపాలనా స్వాతంత్ర్యాన్నే తాకుతున్నాయని ప్రకటించి తన బ్యాంకులకు ప్రభుత్వం దన్ను ఉండదన్నాడు. దన్ను లేని అప్పు ఇవ్వడానికి ఆ బ్యాంకర్లు సిద్ధంగా లేరు. లేచిపోయారు.

అదే ఏడాది సెప్టెంబరులో మిగిలిన అయిదుగురూ ఒక చిన్న సవరణ చేసుకున్నారు. ప్రభుత్వ పాలనకు ఇచ్చే అప్పులు మాత్రమే కన్సార్టియం పరిధిలో ఉంటాయి, రైళ్ళు, గనుల్లాంటి పారిశ్రామిక అప్పులు ఎవరికివారు ఇచ్చుకోవచ్చు. ఆనాడు ఇది సౌకర్యంగా కనిపించింది. నాలుగేళ్ళ తర్వాత జపాన్ దూరింది ఈ సందులోనే.

ఇక యుద్ధం. 1914 ఆగస్టుతో యూరప్ డబ్బు ఆగిపోయింది. లండన్, పారిస్ మార్కెట్లలో సొంత యుద్ధ బాండ్లు తప్ప ఇంకేమీ అమ్ముడయ్యే పరిస్థితి లేదు. వింతేమిటంటే, ఫ్రాన్స్ కందకాల్లో ఒకరినొకరు చంపుకుంటున్న దేశాల బ్యాంకులు పెకింగ్‌లో కాగితం మీద ఒకే కన్సార్టియంలో ఉన్నాయి. జపాన్ పరిస్థితి తిరగబడింది. ఎగుమతులు పెరిగి, యుద్ధానికి ముందు అప్పుల్లో ఉన్న దేశం చేతిలో మిగులు పోగైంది. అడగాల్సింది 1915 జనవరిలో బెదిరించి అడిగింది. చైనాలో తన పెత్తనం కోసం పెట్టిన 21 డిమాండ్లు, మే నెలలో అల్టిమేటం, చైనా తలొంచడం మీకు తెలిసే ఉంటాయి. బెదిరింపుతో వచ్చిన దానికి చెడ్డపేరు ఎక్కువ, స్థిరత్వం తక్కువ అని టోక్యోలో కొందరికి అర్థమైంది.

పెకింగ్ గతి ఎలా ఉందో తెలియాలంటే 1916 మే చూడాలి. యువాన్ షికాయ్ చక్రవర్తి కావాలన్న ప్రయత్నం బెడిసికొట్టి, ప్రభుత్వ నోట్లు వెనక్కొస్తుంటే, మే 12న బ్యాంక్ ఆఫ్ చైనా, బ్యాంక్ ఆఫ్ కమ్యూనికేషన్స్ నోట్లకు వెండి చెల్లింపులు ఆపేయాలని ఉత్తర్వు వచ్చింది. బ్యాంక్ ఆఫ్ చైనా షాంఘై శాఖను నడిపే సోంగ్ హన్‌జాంగ్, జాంగ్ జియా-ఆవో ఆ ఉత్తర్వును ధిక్కరించారు. తమను పదవి నుంచి పీకేయకుండా వాటాదారుల చేతనే కోర్టులో వ్యాజ్యం వేయించుకుని, శాఖ ముందు జనం ఎగబడుతున్నా నోటు తెచ్చినవాడికల్లా వెండి లెక్కపెట్టి ఇచ్చారు. బ్యాంకింగ్ చరిత్రలో నాకు బాగా నచ్చిన సంఘటనల్లో ఇదొకటి. ఒక శాఖ పరపతి దేశప్రభుత్వ పరపతి కంటే గట్టిదని తేలిపోయింది. పెకింగ్‌కు ఇంట్లో అప్పు పుట్టదని కూడా తేలిపోయింది. యువాన్ జూన్ 6న చనిపోయాడు. పెత్తనం ప్రధాని దువాన్ చిరుయ్ చేతికి వచ్చింది.

పెకింగ్‌లో అమెరికా రాయబారి పాల్ రైన్‌ష్ పాపం ఒంటిచేత్తో తన దేశపు బ్యాంకర్లను లాక్కురావాలని చూశాడు. 1916 నవంబరులో షికాగోకు చెందిన కాంటినెంటల్ అండ్ కమర్షియల్ బ్యాంకు 50 లక్షల డాలర్లు ఇచ్చింది. పొగాకు, మద్యం పన్నుల ఆదాయం హామీ. చైనా అవసరాల ముందు అది ఆవగింజంత. కూటమిలోని దేశాలకు అదీ కంటగింపైంది. 1919లో గడువు తీరితే కొత్త అప్పుతో తిరగరాశారు, 1921లో ఎగవేతలో పడింది. మా భాషలో ఎవర్‌గ్రీనింగ్, ఆ తర్వాత ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ.

1917 ఫిబ్రవరిలో జర్మనీతో అమెరికా తెగతెంపులు చేసుకున్నాక, చైనా కూడా అదే చేస్తే ఆర్థిక సాయం అందుతుందని రైన్‌ష్ పై అనుమతి లేకుండానే భరోసా ఇచ్చేశాడు. వాషింగ్టన్ ఆ మాట నిలబెట్టలేదు. ఇంతలో ఫిబ్రవరి 17న మధ్యధరాలో ఆథోస్ అనే ఫ్రెంచి ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచితే 543 మంది చైనా కూలీలు పోయారు. మార్చి 14న చైనా జర్మనీతో సంబంధాలు తెంచుకుంది, ఆగస్టు 14న యుద్ధం ప్రకటించింది. ఈ మధ్యలో దువాన్‌ను అధ్యక్షుడు లీ యువాన్‌హోంగ్ తీసేయడం, ఒక సేనాని జూలైలో పన్నెండు రోజులపాటు బాల చక్రవర్తిని తిరిగి సింహాసనం ఎక్కించడం, దువాన్ మళ్ళీ రావడం అన్నీ జరిగిపోయాయి.

యుద్ధంలో చేరినందుకు చైనాకు దక్కింది కొత్త అప్పు కాదు, పాత బాకీకి వాయిదా. 1901 నాటి బాక్సర్ నష్టపరిహారం 45 కోట్ల తాయెల్‌ల (చైనా తూకపు కొలత) వెండి, 39 ఏళ్ళలో తీర్చాలి. మిత్రదేశాలు అయిదేళ్ళపాటు కిస్తులు ఆపాయి. రష్యా తన వాటాలో కొంతే ఆపింది. శత్రుదేశమైన జర్మనీ వాటా, మొత్తంలో అయిదో వంతు, పూర్తిగా ఎగిరిపోయింది. కిస్తుల మారటోరియం అనుకోండి. రోజువారీ ఖర్చుకు, సైన్యం జీతాలకు మాత్రం నగదు కావాలి. ఆ నగదున్నది జపాన్ ఒక్కదాని దగ్గరే.

మీ మూడో ప్రశ్నకు ఇక్కడినుంచి జవాబు. జపాన్ ప్రధాని తెరౌచి మసతాకె, ఆర్థికమంత్రి షోదా కజుయె కలిసి నిషిహారా కమెజో అనే వ్యక్తిని పెకింగ్ పంపారు. ఆయన దౌత్యవేత్త కాదు, మామూలు వ్యాపారి. రాయబార కార్యాలయాన్ని పక్కనపెట్టి నేరుగా చైనా మంత్రి త్సావో రులిన్‌తో మాట్లాడేవాడు. కన్సార్టియంలో జపాన్ తరపు సభ్యుడు యొకొహామా స్పీసీ బ్యాంకు. దాన్ని ఈ అప్పుల్లో వేలు పెట్టనివ్వలేదు. ఆ బ్యాంకు బుద్ధిగా కన్సార్టియం పేరు మీద 1917 ఆగస్టు చివర కోటి యెన్‌ల అడ్వాన్సు ఇస్తూ కూర్చుంది. మరోవైపు బ్యాంక్ ఆఫ్ చోసెన్, బ్యాంక్ ఆఫ్ తైవాన్, ఇండస్ట్రియల్ బ్యాంక్ ఆఫ్ జపాన్ అనే మరో మూడు బ్యాంకులు అసలు అప్పులు ఇచ్చాయి. సభ్యుడు నియమం తప్పలేదు, తప్పినవాళ్ళు సభ్యులు కారు! ఇలాంటి ఏర్పాటును నేను కొన్ని గ్రూపు కంపెనీల పద్దుల్లో చూశాను గానీ ఒక ప్రభుత్వం ఇంత శుభ్రంగా చేయడం ఇక్కడే చూశాను.

పేర్లు చూడండి. బ్యాంక్ ఆఫ్ కమ్యూనికేషన్స్‌కు 1917 జనవరిలో 50 లక్షలు, సెప్టెంబరులో 2 కోట్లు. 1918 ఏప్రిల్‌లో టెలిగ్రాఫ్ అప్పు 2 కోట్లు. జూన్‌లో జిలిన్-హుయినింగ్ రైల్వేకి కోటి. ఆగస్టులో జిలిన్, హెయిలోంగ్‌జియాంగ్ బంగారు గనులూ అడవుల మీద 3 కోట్లు. సెప్టెంబరు 28న ఒకేరోజు మూడు: మంచూరియా-మంగోలియా రైళ్ళకు 2 కోట్లు, షాండాంగ్ రైళ్ళకు 2 కోట్లు, యుద్ధంలో పాల్గొనే సైన్యానికి 2 కోట్లు. కూడితే మీరన్న 14.5 కోట్లు. నిషిహారా అప్పులంటే ఇవే. వడ్డీ ఏడు నుంచి ఎనిమిది శాతం. చివరిది తప్ప అన్నీ కాగితం మీద పారిశ్రామిక అప్పులే, 1913 సెప్టెంబరు సందులోంచి నేరుగా దూరిపోయేవే. డబ్బు మాత్రం టెలిగ్రాఫ్ స్తంభాలకూ పోలేదు, పట్టాలకూ పోలేదు. చాలావరకు దువాన్ వర్గం సైన్యానికీ రాజకీయాలకూ పోయింది. యుద్ధంలో పాల్గొనే సైన్యం పేరుతో జపానీయుల శిక్షణలో తయారైన దళాలు యూరప్ ముఖం చూడలేదు.

హామీలు ఎందుకంత వదులు? బ్యాంకరుగా నేను మొదట ఆగిపోయింది ఇక్కడే. ఉప్పు పన్ను లాంటి ఎస్క్రో లేదు, విదేశీ ఇన్‌స్పెక్టర్ లేడు, సంతకాల గొడవ లేదు. నిఖార్సైన హామీలన్నీ అప్పటికే పాశ్చాత్యుల చేతిలో ఉన్నాయన్నది ఒక కారణం. అసలు కారణం, టోక్యో కోరిన హామీ పన్నుల్లో లేదు. సెప్టెంబరు 24న, చివరి మూడు అప్పులకు నాలుగు రోజుల ముందు, చైనాలోని షాండాంగ్ రాష్ట్రంలో జర్మనీ నుంచి జపాన్ యుద్ధంలో లాక్కున్న రైల్వే భవిష్యత్తు, అక్కడ జపాన్ సైన్యం ఉనికి మీద జపాన్ విదేశాంగ మంత్రి గోతో షింపె, చైనా రాయబారి జాంగ్ జోంగ్‌షియాంగ్ ఉత్తరాలు మార్చుకున్నారు. చైనా సంతోషంగా ఒప్పుకుంటున్నట్టు జవాబు రాసింది. ఆ కాగితమే హామీ. అప్పు అసలు వెనక్కి వస్తే మంచిదే, రాకపోయినా ఆ ఉత్తరం మిగులుతుంది. 1919లో పారిస్ సమావేశంలో చైనా ప్రతినిధి వెల్లింగ్టన్ కూ షాండాంగ్ కోసం ఎంత బాగా వాదించినా, జపాన్ ఈ ఉత్తరం బల్లమీద పెట్టింది. మే 4న పెకింగ్ విద్యార్థులు త్సావో రులిన్ ఇల్లు తగలబెట్టి, అక్కడ దొరికిన జాంగ్ జోంగ్‌షియాంగ్‌ను చావబాదింది ఈ కోపంతోనే.

తేదీల్లో ఇంకో ముచ్చట. 1918 వేసవిలో జపాన్‌లో బియ్యం ధరల మీద అల్లర్లు చెలరేగి తెరౌచి ప్రభుత్వం పడిపోయింది. సెప్టెంబరు 29న హరా తకాషి ప్రధాని అయ్యాడు. అంటే ఆ చివరి 6 కోట్లు, దిగిపోతున్న ప్రభుత్వం ముందురోజు విడుదల చేసిన శాంక్షన్లు. ఇలాంటి ఆఖరి రోజు శాంక్షన్లు బ్యాంకు ఆడిటర్లకు కొత్తేమీ కాదు.

వెండి సంగతి చరిత్ర పుస్తకాల్లో పెద్దగా రాయరు. చైనాది వెండి కరెన్సీ, అప్పులు బంగారు యెన్‌లలో. లండన్‌లో ఔన్సు వెండి 1915లో 24 పెన్సుల చుట్టూ ఉండేది, 1920 ఫిబ్రవరి నాటికి 89 దాటింది. మన దగ్గర కూడా అదే కరువు. రూపాయి నాణేలకు వెండి చాలక 1917లో మొదటి రూపాయి నోటు అచ్చేశారు. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి తన వెండి డాలర్లను కరిగించి భారతదేశం కోసం బ్రిటన్‌కు అమ్మింది. వెండి ఖరీదుగా ఉన్నప్పుడు బంగారం అప్పు తెచ్చుకుంటే మార్చిన తర్వాత చేతికి తక్కువ వెండి వస్తుంది. తీర్చే నాటికి వెండి పడిపోతే ఎక్కువ వెండి కట్టాలి. 1920 తర్వాత జరిగింది అదే. పాత గోల్డ్ అప్పుల కిస్తులు యుద్ధకాలంలో చైనాకు తేలికైన మాట నిజం. నిషిహారా అప్పులకు మాత్రం ఆ అదృష్టం తిరగబడింది. పైగా 1918 ఆగస్టులో త్సావో రులిన్ జపాన్ యెన్‌కు ముడిపెట్టిన బంగారు నోట్ల పథకం ఒకటి ప్రకటించాడు. కరెన్సీ సంస్కరణ మీద తమకు 1911 ఒప్పందం ఉందని మిగతా దేశాల బ్యాంకులు అడ్డుపడ్డాయి. పథకం కాగితంలోనే ఆగిపోయింది. ఆపే శక్తి ఎక్కడుందో మళ్ళీ చూశారు కదా.

ఇప్పుడు రెండో ప్రశ్న, అమెరికా తిరిగి రావడం. విల్సన్ 1913లో అనుకున్నది ఏమిటంటే, తాము తప్పుకుంటే చైనా స్వేచ్ఛగా అప్పు తెచ్చుకుంటుందని. తప్పుకున్నాక వాషింగ్టన్‌కు అర్థమైంది: బయట నిలబడినవాడికి అడ్డుచెప్పే కుర్చీ ఉండదు. 1917 నవంబరు 2న లాన్సింగ్-ఇషియి ఒప్పందంలో చైనాలో జపాన్‌కు ప్రత్యేక ప్రయోజనాలు ఉన్నాయని అమెరికా రాసిచ్చింది. మాటల్లో ఇచ్చింది డబ్బుతో వెనక్కి లాక్కోవాలని అదే నెలనుంచి ఆలోచన మొదలైంది. 1918 జూలైలో బ్యాంకర్లు తమ షరతు రాశారు: ఈ అప్పు ప్రభుత్వం కోరితేనే ఇస్తున్నామని ప్రభుత్వమే బహిరంగంగా చెప్పాలి. 1913లో దన్ను తీసేసిన ప్రభుత్వం చేత ఈసారి రాయించుకున్నారు. నాలుగు దేశాల కన్సార్టియం ప్రతిపాదన బ్రిటన్, ఫ్రాన్స్, జపాన్‌లకు వెళ్ళింది. ఆ రెండు యూరప్ దేశాల దగ్గర డబ్బు లేకపోతే వాళ్ళ వాటా అమెరికా, జపాన్ మోస్తాయని కూడా చేర్చారు. డబ్బు లేని సభ్యుణ్ణి డబ్బిచ్చి మరీ కూర్చోబెట్టుకోవడం ఎందుకు? జపాన్‌ను ఒంటరిగా వదలకుండా ముగ్గురు చుట్టూ కూర్చోవాలి గనుక.

కొత్త ఒప్పందంలో అసలు మార్పు ఒక్కటే. పారిశ్రామిక అప్పులు కూడా కన్సార్టియం పరిధిలోకే వస్తాయి, ఎవరి చేతిలో ఏ పాత హక్కులున్నా ఉమ్మడిలో పెట్టాలి. అంటే 1913 సందును మూసేయడం. జపాన్ మంచూరియా, మంగోలియాలను మినహాయించమంది. అమెరికా బ్యాంకు మోర్గాన్‌లో భాగస్వామి థామస్ లామంట్ 1920 వసంతంలో టోక్యో, పెకింగ్ తిరిగి, మొత్తం ప్రాంతాలుగా కాకుండా పేరుపేరునా కొన్ని రైల్వేలను మాత్రం వదిలేసే రాజీ కుదిర్చాడు. అక్టోబరు 15న న్యూయార్క్‌లో సంతకాలయ్యాయి. అమెరికా వైపునే ముప్ఫై పైచిలుకు బ్యాంకులు. చైనా విద్యార్థులు, పత్రికలు ఇది అప్పుల గుత్తాధిపత్యమే అన్నారు. నా లెక్కలో వాళ్ళన్నదే నిజం. ఎందుకంటే ఆ కన్సార్టియం చైనాకు ఒక్క అప్పు కూడా ఇవ్వలేదు. దాన్ని విఫలమైందని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. రెండో నిషిహారా పుట్టకుండా ఆపడమే దాని పని అయితే, 1920లలో ఆ పని చేసింది.

బాకీల ముగింపు. నిషిహారా అప్పుల్లో సింహభాగం తిరిగి రాలేదు. వాటి వెనక జపాన్ ఆర్థికశాఖ డిపాజిట్ల విభాగం సొమ్ము, అంటే పోస్టాఫీసు పొదుపు డబ్బు కూడా ఉంది. నష్టం చివరికి ఖజానా మీదే పడింది. 1925 పెకింగ్ సుంకాల సమావేశంలో ఈ హామీలేని అప్పులను కొత్త సుంకాల ఆదాయం కిందికి తెచ్చుకోవాలని జపాన్ చూసింది గానీ కుదరలేదు. రీఆర్గనైజేషన్ లోన్ కథ వేరు. అది బాండ్లుగా యూరప్ మదుపరులకు అమ్మిన అప్పు. జపాన్‌తో రెండో యుద్ధంలో కిస్తులు ఆగిపోయినా కాగితాలు ఇళ్ళల్లో మిగిలాయి. అలాంటి మరో పాత అప్పు, 1911 నాటి చైనా హుకువాంగ్ రైల్వే బాండ్లు పట్టుకుని కొందరు అమెరికన్లు అలబామా ఫెడరల్ కోర్టుకెక్కితే 1982లో బీజింగ్ హాజరు కాలేదని 4.1 కోట్ల డాలర్లకు తీర్పు వచ్చింది, 1984లో అదే కోర్టు దాన్ని కొట్టేసింది. 1987లో బ్రిటన్ 2.35 కోట్ల పౌండ్లు తీసుకుని తన పౌరుల పాత క్లెయిములు పరిష్కరించుకుంది. నిషిహారా అప్పులు మూడు బ్యాంకుల పద్దుల్లోనే ఉన్నాయి తప్ప జనానికి బాండ్లుగా అమ్మలేదు గనుక, వాటి మీద కోర్టుకెక్కడానికి బాండుదారుడంటూ ఎవరూ లేకపోయారు.